భూమి కాచిన వేణ్ణీళ్ళు

ఐనవిల్లి నుంచి ఒక చిరంజీవి ఈ నెల మనకు ఇలా రాసింది:

"జపాను దేశంలో సత్రాలకు వెళితే, నేలలోంచి ఊరే వేణ్ణీళ్ళలో ఒక్కొక్క కుటుంబమూ విడిగా తలుపు వేసుకుని స్నానం చేస్తారట. నిజమేనా? పొయ్యి లేకుండా ఆ నీళ్ళు ఎలా కాగుతాయి? మన గోదావరిలో అలాంటి చోటు ఎక్కడైనా ఉందా? ఉంటే మా మామ్మను తీసుకువెళ్ళాలని ఉంది. ఆవిడకు మోకాళ్ళ నొప్పులు. చలికాలం వస్తే మంచం దిగలేదు. ఆ నీళ్ళలో మునిగితే నొప్పులు పోతాయా?"

ఒక్క ఉత్తరంలో నాలుగు ప్రశ్నలున్నాయి. నాలుగూ మంచి ప్రశ్నలే. వరసగా చూద్దాం.

సత్రంలో స్నానం

మొదటి మాట నిజమే. జపాను వారు వేడినీటి ఊటను "ఒన్‌సెన్" అంటారు. పాతకాలపు పద్ధతిలో నడిచే సత్రాన్ని "ర్యోకాన్" అంటారు. ఆ దేశంలో ఊటలు వేలకు వేలున్నాయి. ఊట ఉన్నచోట సత్రం వెలిసింది. సత్రాల చుట్టూ ఊళ్ళు వెలిశాయి. యమనాషి అనే ప్రాంతంలో ఒక సత్రాన్ని 705వ సంవత్సరంలో కట్టారు. ప్రపంచంలోకల్లా పాత సత్రం అదేనని 2011లో గిన్నెస్ పుస్తకం వారు రాసుకున్నారు. ఆ సత్రం తలుపులు తెరిచిన నాటికి మన వేంగి దేశాన్ని తూర్పు చాళుక్యులు ఏలుతున్నారు. నన్నయగారు భారతం తెలుగు చెయ్యడానికి ఇంకా మూడు వందల ఏళ్ళు ఉంది!

ర్యోకాన్‌కు వెళ్ళినవారు వాకిట్లోనే చెప్పులు విడవాలి. ఇది మనకు కొత్త కాదు. గదిలో నేలంతా "తతామి" అనే చాపలు పరిచి ఉంటాయి. మంచాలుండవు. రాత్రి పరుపులు తెచ్చి చాపల మీద పరుస్తారు. కట్టుకోవడానికి "యుకాతా" అనే పల్చటి నూలు అంగీ ఇస్తారు. అది తొడుక్కుని స్నానానికి బయలుదేరాలి.

స్నానాల గదిలోకి వెళ్ళగానే తొట్టిలో దిగకూడదు. గోడ పక్కన చిన్న చిన్న పీటలూ, ముంతలూ ఉంటాయి. పీట మీద కూర్చుని, సబ్బుతో ఒళ్ళు రుద్దుకుని, నురగ కాస్త కూడా మిగలకుండా కడుక్కోవాలి. ఆ తరవాతే తొట్టిలో అడుగు పెట్టాలి. తువ్వాలు కూడా నీటికి తగలనివ్వరు. మురికి వదిలించుకోవడం తొట్టి బయట. తొట్టి ఉన్నది హాయి కోసం. అదే నీటిలో తన వెనక మరొకరు దిగుతారన్న సంగతి అక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు. తొట్టిలో నీళ్ళు సాధారణంగా 40 నుంచి 42 డిగ్రీల వేడిగా ఉంటాయి. అంటే మన ఒంటి వేడికన్న కొంచెం ఎక్కువ.

పెద్ద తొట్లలో ఆడవారు ఒకవైపు, మగవారు మరొకవైపు స్నానం చేస్తారు. ఒంటిమీద నూలుపోగు కూడా ఉండదు. ఎవరూ ఎవరినీ తేరిపార చూడరు. అది అక్కడి మర్యాద. అయినా సిగ్గుపడేవారుంటారు కదా! పైగా ఇందులో మరొక చిక్కు ఉంది. నడవలేని ముసలి తల్లిని కొడుకు చెయ్యి పట్టుకుని నీటిలోకి దించాలంటే ఎలా? ఆమె ఒకవైపు, అతను మరొకవైపు అయిపోతారు. చంటిపిల్లల తల్లికీ, ఒంటిమీద పెద్ద గాయపు మచ్చ ఉన్నవారికీ ఇలాంటి ఇబ్బందే.

వీరందరి కోసమూ చాలా సత్రాలలో చిన్న తొట్టి ఒకటి విడిగా కడతారు. దాన్ని "కాషికిరి" స్నానం అంటారు. అంటే పూర్తిగా మనకే అద్దెకిచ్చినది అని అర్థం. ముందుగా చెప్పి ఉంచితే ముప్పావు గంటో, గంటో మన కుటుంబానికే వదిలేస్తారు. తాళంచెవి ఇస్తారు. లోపల గడియ వేసుకోవచ్చు. కొన్నిచోట్ల తొట్టి సువాసన గల కొయ్యతో చేసి ఉంటుంది. మరికొన్ని చోట్ల తొట్టి ఆరుబయట రాళ్ళ మధ్య ఉంటుంది. చుట్టూ మంచు పడుతూ ఉంటే మెడదాకా వేణ్ణీళ్ళలో కూర్చోవచ్చు!

ఈ విడి తొట్టివల్ల మరొక ఉపయోగం కూడా ఉంది. పచ్చబొట్టు ఉన్నవారిని అక్కడి పెద్ద తొట్లలోకి చాలాచోట్ల రానివ్వరు. ఆ దేశంలో దొంగల ముఠాలవాళ్ళు ఒళ్ళంతా పచ్చబొట్లు పొడిపించుకునేవారు. అందుచేత పచ్చబొట్టు అంటేనే జనానికి బెదురు. న్యూజీలండు దేశపు మావోరీ జాతివారికి మొహం మీద పచ్చబొట్టు గొప్ప గౌరవం. 2013లో అలాంటి మావోరీ స్త్రీ ఒకామెను జపానులో ఒక స్నానశాలవారు లోపలికి రానివ్వలేదు. చేతిమీద పచ్చబొట్టు ఉన్న మన మామ్మలు వెళ్ళినా ఇదే చిక్కు వస్తుందేమో! తలుపు వేసుకుని స్నానం చేసేచోట మాత్రం ఎవరూ అడ్డు చెప్పరు.

అన్నట్టు, విడి స్నానం మనుషులకే కాదు. నగానో ప్రాంతంలో "జిగొకుదాని" అనే లోయ ఉంది. ఆ పేరుకు "నరక లోయ" అని అర్థం. చలికాలంలో అక్కడి కోతులు కొండ దిగివచ్చి వేణ్ణీళ్ళలో కూర్చుంటాయి. అవి మనుషుల తొట్టిలో దిగకుండా వాటికి వేరే ఒక మడుగు కట్టి ఇచ్చారు!

పొయ్యి ఎక్కడ ఉంది?

ఇక రెండో ప్రశ్న. దీనికి సగం జవాబు ఐనవిల్లి నూతిలోనే ఉంది.

పుష్యమాసంలో తెల్లవారుజామున నూతిలోంచి చేద లాగి, ఆ నీటిలో చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా తోస్తుంది. అదే చేద వైశాఖంలో మిట్టమధ్యాన్నం తోడితే చల్లగా తోస్తుంది. నిజానికి నూతి నీళ్ళు రెండుసార్లూ ఇంచుమించు ఒకే వేడిలో, 28 డిగ్రీల ప్రాంతంలో ఉంటాయి. మారేది పైనున్న గాలి. ఎండా, చలీ నేలలోకి కొద్ది లోతువరకే పోగలవు.

ఇక్కడ ఒక తమాషా ఉంది. 1948లో జపాను వారు ఊటల కోసం ఒక చట్టం చేశారు. నేలలోంచి వచ్చే నీరు 25 డిగ్రీలు గానీ, అంతకు పైన గానీ ఉంటే అది "ఒన్‌సెన్" కిందే లెక్క. ఆ లెక్కన మన కోనసీమలో ప్రతి నుయ్యీ ఒన్‌సెనే!

ఇంకా లోతుకు పోతే ఎండా చలీ మాట ఉండదు గాని, భూమి తన సొంత వేడి చూపిస్తుంది. చాలాచోట్ల ఒక్కొక్క కిలోమీటరు దిగేకొద్దీ సుమారు 25 నుంచి 30 డిగ్రీల వేడి పెరుగుతుంది. భూమి పుట్టిననాటి వేడి ఇంకా లోపల మిగిలి ఉంది. అదిగాక రాళ్ళలో ఉండే యురేనియం, థోరియం వంటి పదార్థాలు నెమ్మదిగా విచ్ఛిన్నమవుతూ కొత్త వేడిని పుట్టిస్తాయి. ఇదే ఆ పొయ్యి.

వాన నీరు రాతి పగుళ్ళ గుండా లోపలికి ఇంకిపోతుంది. లోతుకు వెళ్ళి కాగుతుంది. కాగిన నీరు తేలిక కనక, మరొక పగులు దొరికితే పైకి వస్తుంది. పైకి వచ్చే దారి తిన్నగా ఉంటే చల్లారకుండానే బయటపడుతుంది. అదే వేడినీటి ఊట. ఇలా దిగి ఎక్కడానికి ఒక్కొక్కచోట ఏళ్ళు, ఒక్కొక్కచోట వేల ఏళ్ళు పడుతుంది.

జపానులో నిప్పులు కక్కే స్వభావం గల అగ్నిపర్వతాలు 100కు పైగా ఉన్నాయి. అక్కడ కరిగిన రాయి నేలకు చాలా దగ్గరగా ఉంటుంది. అందుకనే కొన్ని ఊటల నీళ్ళు మరిగిపోతూ వస్తాయి. కుసాత్సు అనే ఊళ్ళో నీళ్ళు మరీ వేడి. చన్నీళ్ళు కలిపితే ఊటలోని ఖనిజాలు పల్చబడతాయని, పొడుగాటి పలకలతో నీటిని తిరగేసి తిరగేసి చల్లారుస్తారు. ఆ పని చేసేటప్పుడు అందరూ కలిసి పాటలు పాడతారు. ఆ నీళ్ళు బాగా పులుపు కూడాను. అందులో వేసిన ఇనప మేకు రోజులు గడిచేకొద్దీ కరిగి సన్నబడిపోతుంది!

మన గోదావరిలో

మూడో ప్రశ్నకు జవాబు: ఉంది. ఐనవిల్లి పక్కనుంచి వెళ్ళే గోదావరిలోనే ఉంది. కాకపోతే చాలా ఎగువన.

భద్రాచలానికి కొద్ది మైళ్ళలో, గోదావరి ఒడ్డున గుండాల అనే ఊరుంది. వరదలు తగ్గి ఇసుక తేలినప్పుడు అక్కడ ఏటి ఇసుకలో చిన్న గుంట తవ్వితే వేణ్ణీళ్ళు ఊరుతాయి. పక్కనే చల్లటి గోదావరి పారుతూ ఉంటుంది! ఈ చోటును ఉష్ణగుండం అంటారు. చలికాలంలో బ్రహ్మ, విష్ణు, మహేశ్వరులు ఇక్కడికి వచ్చి స్నానం చేస్తారని జనం చెప్పుకుంటారు. ఎవరి గుంట వారు తవ్వుకోవచ్చు కనక ఇది కూడా ఒక రకం కాషికిరి స్నానమే. దీనికి తలుపు లేదు, తాళంచెవి లేదు. వాన కాలం రాగానే గోదావరి వచ్చి ఆ గుంటలన్నీ పూడ్చేస్తుంది. న్యూజీలండులో ఒక సముద్రపు ఒడ్డున కూడా జనం ఇలాగే పారలు పట్టుకుని వెళతారు. పోటు తగ్గినప్పుడు ఇసుకలో గుంటలు తవ్వుకుని వేణ్ణీళ్ళలో పడుకుంటారు. మళ్ళీ పోటు వస్తే అవి మాయం.

గుండాలకూ ఐనవిల్లికీ మరొక చుట్టరికం కూడా ఉంది. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు గుండాల ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చి తూర్పు గోదావరి జిల్లాలో చేరింది. 2022లో కొత్త జిల్లాలు ఏర్పడేదాకా ఆ రెండు ఊళ్ళూ ఒకే జిల్లాలో ఉన్నాయి.

గోదావరి పక్కన అగ్నిపర్వతాలు లేవే, మరి వేడి ఎక్కడిది? కోట్ల ఏళ్ళ కిందట ఇక్కడ భూమి చీలి, మధ్య భాగం కిందికి కుంగి పొడుగాటి పల్లం ఏర్పడింది. అడవులూ, బురదా ఆ పల్లంలో పూడిపోయి సింగరేణి బొగ్గు అయింది. ఆ చీలికల తాలూకు పగుళ్ళు ఇప్పటికీ లోతుగా ఉన్నాయి. నీరు వాటి గుండా దిగి, కాగి, పైకి వస్తుంది. మణుగూరు దగ్గర పగిడేరులో బొగ్గు కోసం బోరు వేస్తే వేణ్ణీళ్ళు వాటంతట అవే పైకి చిమ్మాయి. ఆ వేడితో సింగరేణి వారు 20 కిలోవాట్ల చిన్న విద్యుత్ కేంద్రాన్ని ప్రయోగంగా పెట్టారు. ఆ నీళ్ళు ఆవిరి అయ్యేంత వేడిగా ఉండవు. అందుచేత, నీటికన్న తక్కువ వేడికే మరిగే మరొక ద్రవాన్ని ఈ నీటితో కాచి, దాని ఆవిరితో చక్రం తిప్పుతారు.

మరి కోనసీమలో ఊటలు ఎందుకు లేవు? వేడి లేక కాదు. గ్యాసు కోసం అక్కడ తవ్విన బావులు మూడు కిలోమీటర్లు దాటి దిగుతాయి. పైన 28 డిగ్రీలు. కిలోమీటరుకు 25 చొప్పున వేసుకున్నా మూడు కిలోమీటర్లకు 103 డిగ్రీలు! అడుగున ఉన్నదంతా నీరు మరిగే వేడి. కాని గోదావరి లక్షల ఏళ్ళుగా తెచ్చిపోసిన ఒండ్రు, బంకమట్టి, ఇసుక దాని మీద పొరలు పొరలుగా పరుచుకుని ఉన్నాయి. తిన్నగా పైకి వచ్చే పగులు లేదు. కాస్తో కూస్తో వచ్చినా పైపొరల్లోని చన్నీళ్ళలో కలిసి చల్లారిపోతుంది. మనకు కొబ్బరితోటలూ వరిచేలూ ఇచ్చిన ఆ ఒండ్రే వేణ్ణీళ్ళకు మూత వేసింది.

ఇక గుండాల వేణ్ణీళ్ళు పాపికొండలు దాటి, ధవళేశ్వరం ఆనకట్ట దాటి, కోటిపల్లి రేవుకు వచ్చేసరికి వాటి జాడే ఉండదు. నూతిలో చెంచాడు వేణ్ణీళ్ళు పోసినట్లే.

తలుపు వేసుకుని, గదిలోనే ఊటనీటి స్నానం చేసేచోటు కావాలంటే ఒడిశాలో ఉంది. తెలుగువారు తరతరాలుగా ఉంటున్న బరంపురానికి సుమారు 50 కిలోమీటర్లలో, కొండల మధ్య "తప్తపాణి" అనే ఊట ఉంది. తప్త అంటే కాగిన, పాణి అంటే నీళ్ళు. అక్కడ ఒడిశా పర్యాటక సంస్థ వారు కట్టిన విడిదిలో కొన్ని గదులకు ఊట నీటిని గొట్టాలతో తెచ్చి, నేలలోకి దిగిన పెద్ద తొట్లలో పడేటట్లు చేశారు. జపాను వెళ్ళకుండానే కాషికిరి!

మన దేశంలో ఇలాంటి ఊటలు మూడు వందలకు పైగా ఉన్నాయి. హిమాలయాలలో మణికరణ్ అనేచోట బియ్యం మూట కట్టి ఊటలో వేలాడదీస్తే అన్నం ఉడుకుతుంది. అలాంటి నీటిలో పొరపాటున కాలు పెడితే ఏమవుతుందో ఆలోచించండి!

మామ్మ మోకాళ్ళు

నాలుగో ప్రశ్నే అన్నిటికన్న ముఖ్యమైనది. దానికి ఉన్నమాటే చెప్పాలి.

వేణ్ణీళ్ళు మోకాళ్ళ నొప్పిని పోగొట్టవు; తగ్గిస్తాయి. వేడికి రక్తనాళాలు విప్పారి, బిగుసుకున్న కండరాలు సడలుతాయి. నీటిలో ఒళ్ళు తేలికవుతుంది కనక కీళ్ళ మీద బరువు పడదు. అందువల్ల కొంతసేపు హాయిగా ఉంటుంది. అరిగిపోయిన కీలు మాత్రం మళ్ళీ పెరగదు. ఎంత పేరు పొందిన ఊటైనా సరే, దాన్ని నమ్ముకుని వైద్యుడు ఇచ్చిన మందు మానెయ్యకూడదు.

పెద్దవాళ్ళు వేణ్ణీళ్ళలో దిగేటప్పుడు కొన్ని జాగ్రత్తలున్నాయి. పదినిమిషాలు మించి ఉండరాదు. లేచేటప్పుడు మెల్లగా లేవాలి. రక్తనాళాలు విప్పారి ఉంటాయి కనక చటుక్కున లేస్తే కళ్ళు తిరిగి పడిపోతారు. గుండెజబ్బూ, రక్తపు పోటూ ఉన్నవారు ముందు వైద్యుణ్ణి అడగాలి. పక్కన ఒక మనిషి ఉండి తీరాలి.

పిల్లలకు కూడా ఒక మాట. ఊట నీటిలో తల ముంచకండి. వెచ్చటి మంచినీటిలో పెరిగే ఒక సూక్ష్మజీవి ముక్కు ద్వారా లోపలికి పోతే మెదడుకు ప్రమాదం. ఇది చాలా అరుదే గాని, వస్తే ప్రాణం మీదికి వస్తుంది. జపాను వారు తల పైన ఉంచే స్నానం చేస్తారు. అలాగే, గుండాలకు వెళితే పెద్దలు లేకుండా ఏట్లో దిగకండి. వేణ్ణీళ్ళ గుంట మోకాటి లోతే. పక్కనున్న గోదావరి లోతు ఎవరికీ తెలియదు.

మరి మామ్మ కోసం ఏం చెయ్యాలి? మోకాలికి కావలసింది వేడి. అది భూమి కాచిందా, గంగాళం కాచిందా అన్నది మోకాలు అడగదు. భోగినాడు కొబ్బరి డొక్కల మంట మీద గంగాళంతో నీళ్ళు కాచి అందరికీ తలంట్లు పోస్తారు కదా! ఆ గంగాళం మిగతా రోజులలో కూడా పొయ్యి ఎక్కించవచ్చు. పెద్దవాళ్ళ చేత నీళ్ళు తొలిపించి, మోచేత్తో వేడి చూసి, పీట వేసి మామ్మను కూర్చోబెట్టండి. తలుపు దగ్గరగా వేసి, ఆవిడ లేచేటప్పుడు చెయ్యి అందించండి. సత్రాలలో విడి తొట్టి కట్టింది ఆ చెయ్యి అందించడం కోసమే.

చేసి చూడండి

కాగిన నీరు పైకి ఎందుకు వస్తుందో ఇంట్లోనే చూడవచ్చు. ఒక పెద్ద గాజు జాడీ నిండా చన్నీళ్ళు పొయ్యండి. ఒక చిన్న సీసా మెడకు దారం కట్టండి. అందులో పెద్దవాళ్ళ చేత వేణ్ణీళ్ళు పోయించి, రెండు చుక్కలు సిరా వెయ్యండి. దారం పట్టుకుని సీసాను మెల్లగా జాడీ అడుగుకు దించండి. సిరా నీళ్ళు పొగలాగా పైకి లేచి, పైభాగాన పరుచుకుంటాయి. అదే సీసాలో చన్నీళ్ళు పోసి దించితే? చేసి, ఏం జరిగిందో రాయండి.

ఈ నెల లెక్క

తొట్టిలో 28 డిగ్రీల నూతి నీళ్ళు రెండు బిందెలున్నాయి. అందులో 70 డిగ్రీల ఊట నీళ్ళు ఒక బిందె పోశారు. తొట్టికీ, గాలికీ పోయే వేడిని లెక్కలోకి తీసుకోకండి. నీళ్ళు ఎన్ని డిగ్రీలవుతాయి? జపాను సత్రంవారు ఆ నీళ్ళను స్నానానికి ఒప్పుకుంటారా? జవాబు వచ్చే నెల.